కుట్లు తీసినంక ఏమైంది?

ఆపరేషన్ ఎప్పుడు పూర్తయినట్టు? కుట్లు వేసినప్పుడా, డిశ్చార్జి చేసినప్పుడా, మనిషి మళ్లీ డ్యూటీ ఎక్కినప్పుడా? ఈ ప్రశ్న మీద నేనూ మా మేనల్లుడూ మాట్లాడుకున్న మాటలు ఇవి. అతడు హైదరాబాద్‌లో జనరల్ సర్జరీలో ఎంఎస్ చదువుతున్నడు. పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన కింద ఇటు దిక్కు వచ్చిండు. నేను సింగరేణిలో ఓవర్‌మెన్‌గా చేసి రిటైరై గోదావరిఖనిలోనే ఉంటున్న. నా అభిప్రాయం ముందే చెప్తున్న. ఆపరేషన్ ఫలితం డాక్టరు మనసుల పెట్టుకునేది కాదు, రోగి తలరాతకు వదిలేసేది కాదు. బొగ్గుబాయిల ప్రమాదాన్ని రాసినట్టే దాన్ని రాయాలె, లెక్కగట్టాలె, నలుగురికి చెప్పాలె.

అల్లుడు: బాయికీ ఆపరేషన్ థియేటర్‌కూ పోలికేంది మామా? మనుషుల శరీరాలు ఒక్కొక్కటి ఒక్కో తీరుగ ఉంటయి.

నేను: బండ గూడ ఒక్కొక్క చోట ఒక్కో తీరే బిడ్డా. షిఫ్టు దిగకముందే మైనింగ్ సర్దార్ పోయి బాయి పైకప్పును, అంటే రూఫ్‌ను, కర్రతోటి కొట్టి సప్పుడు వింటడు, గ్యాస్ చూస్తడు, చూసింది పుస్తకంల రాస్తడు. తర్వాతి షిఫ్టోడు అది చదువుకొని దిగుతడు. బాయిల మనిషి చనిపోయినా, పెద్ద దెబ్బ తగిలినా మైన్స్ సేఫ్టీ అధికారులకు నోటీసు పోవాలె. వాళ్లొచ్చి ఎంక్వయిరీ చేస్తరు, ప్రమాదం కనబడితే పని ఆపిస్తరు. 1952 మైన్స్ చట్టం నాటి నుంచి ఇదే పద్ధతి. మీ దగ్గర ఆపరేషన్ అయినంక మనిషి పోతే నోటీసు ఎవరికి పోతది?

అల్లుడు: డిపార్ట్‌మెంట్ల మార్టాలిటీ మీటింగ్ పెడతరు. మేం కేసు చెప్తం, ప్రొఫెసర్లు ప్రశ్నలు అడుగుతరు.

నేను: ఇంటికి పోయి పదో నాడు చనిపోయినోడు ఆ మీటింగ్‌ల వస్తడా?

అల్లుడు: వార్డుల పోయినోళ్ల సంగతే వస్తది. ఇంటికి పోయినోళ్లది తెలిస్తే తెలిసినట్టు.

నేను: ఇబ్రహీంపట్నం యాది చేస్కో. 2022 ఆగస్టు 25న అక్కడి ఆసుపత్రిల క్యాంపు పెట్టి ఒక్క రోజే 34 మంది ఆడోళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిండ్రు. అందరూ నిలబడి నడిచి ఇండ్లకు పోయినోళ్లే. తర్వాత నలుగురు చనిపోయిండ్రు. మిగతా 30 మందిని హైదరాబాద్ తీస్కపోయి చూపించిండ్రు. ఇన్ఫెక్షన్ అని తేలింది, ఎంక్వయిరీ జరిగింది, అధికారుల మీద చర్యలు తీస్కున్నరు. అది ఎట్ల బయటపడ్డది? నలుగురూ ఒకే క్యాంపోళ్లు, రోజుల తేడాతోటి పోయిండ్రు కాబట్టి. అదే నలుగురు నాలుగు ఆసుపత్రులల్ల, నాలుగు నెలలల్ల పోయి ఉంటే ఏమయ్యేది? నాలుగు ఇండ్లల్ల ఏడ్చి ఊకునేటోళ్లు. ఏ చావుకూ ఇంకో చావుకూ సంబంధం ఎవరూ కలిపేటోళ్లు కాదు.

అల్లుడు: ఆ మాట నిజమే. కానీ ఒకటి చెప్త. డాక్టరు చేతిల ఉన్నది పని ఒక్కటే. నేను పద్ధతి తప్పకుండ చేసినా రోగి పోవచ్చు, ఇంకొకడు తప్పు చేసినా బతకొచ్చు. ఫలాన్ని బట్టి పనిని తూచుడు న్యాయమా? గీతల గూడ పని చేయమన్నరు గాని, ఫలం నీది కాదన్నరు గదా.

నేను: ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్నరు, ఫలం దిక్కు చూడొద్దనలేదు. ఒక్క రోగిని చూసి డాక్టరును తూచమని నేను అంటలేను. నూరు మందిని, వెయ్యి మందిని వరుసగ చూడు. ఒక్క రూఫ్ కూలితే అది బండ గుణం కావచ్చు. అదే గ్యాలరీల, అదే తీరు సపోర్టు కింద మళ్లీ మళ్లీ కూలుతుంటే అది మనం చేసే పని గుణం. ఒక్కొక్క ఫలం అదృష్టమే అయినా, వరుసల అదృష్టానికి చోటు తక్కువ.

అల్లుడు: ఈ మాట వందేండ్ల కిందనే అన్నోడున్నడు మామా. బోస్టన్‌ల ఎర్నెస్ట్ కాడ్‌మన్ అని సర్జన్. ఆపరేషన్ చేసిన ప్రతి రోగిని తర్వాత గూడ వెంబడించి, ఎట్ల ఉన్నడో రాయాలె, నయం కాకపోతే ఎందుకు కాలేదో రాయాలె అన్నడు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఒప్పుకోలే, ఆయన సొంత ఆసుపత్రి నడిపిండు. 1911 నుంచి 1916 దాక 337 మంది రోగుల లెక్క అచ్చేసిండు. అందుల తమవైపు జరిగిన పొరపాట్లు 123 అని తానే రాసుకున్నడు.

నేను: మరి లోకం ఏం చేసింది?

అల్లుడు: దూరం పెట్టింది. గౌరవం చాలా తర్వాత వచ్చింది.

నేను: 123 పొరపాట్లు రాసుకున్న ఆసుపత్రికీ, ఒక్కటీ రాసుకోని ఆసుపత్రికీ మధ్య నన్ను ఎంచుకోమంటే, నా ఇంటోళ్లను మొదటి దానికే తీస్కపోత.

అల్లుడు: రాసుడు మంచిదే. కానీ రాసుడే పని అయిపోయే ప్రమాదం ఉన్నది. 2008ల ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీకి చెక్‌లిస్టు ఇచ్చింది. మొత్తం 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ దాటించే ముందు ఆగి అడగాలె. ఈ రోగి పేరేంది, ఏ వైపు ఆపరేషన్, యాంటీబయాటిక్ ఇచ్చిండ్రా, గుడ్డలు, సూదులు లెక్క సరిపోయిందా అని. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాలల్ల పెట్టి చూస్తే చావులు నూటికి 1.5 నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7కు తగ్గినయి. అందరూ సంబురపడ్డరు. తర్వాత కెనడాల ఒంటారియో రాష్ట్రంల 101 ఆసుపత్రులల్ల తప్పనిసరి చేసిండ్రు. 2014ల లెక్క తీస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. టిక్కులు పెట్టుకుంట పోయిండ్రని చానా మంది అన్నరు.

నేను: దానికి నేను ఆశ్చర్యపోను. రూఫ్ కొట్టకుండనే పుస్తకంల 'సేఫ్' అని రాసేటోడు ఎట్లుంటడో నాకు తెలుసు. అసొంటోడు ఉన్నడని పుస్తకమే వద్దంటమా? పక్క మనిషి నిలబడి 'నువ్వు నిజంగ చూసినవా' అని అడిగే పద్ధతి పెడతం. బాయిల కార్మికుల దిక్కు నుంచే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటడు, పిట్ సేఫ్టీ కమిటీ ఉంటది. మీ థియేటర్ల నర్సమ్మ పెద్ద సర్జన్‌ను ఆపి 'సార్, లెక్క సరిపోలే' అనగలుగుతదా? ఆ ధైర్యం ఇవ్వని చోట చెక్‌లిస్టు కాగితమే.

అల్లుడు: ఒప్పుకుంటున్న. నర్సు నోరు తెరవగలిగిన థియేటర్లే మంచి థియేటర్లు. అది నేను గూడ చూసిన.

సరే, అన్నీ పక్కన పెట్టు. నాకు అసలు భయం ఒక్కటే ఉన్నది. ఫలితాలు బయట పెడితే డాక్టర్లు కష్టమైన కేసు ముట్టుకోరు. న్యూయార్క్‌ల 1989 నుంచి గుండె బైపాస్ ఆపరేషన్లల్ల చావుల లెక్క ప్రభుత్వమే తీసింది. ఒక పత్రిక కోర్టుకు పోతే 1991ల సర్జన్ల పేర్లతోటి సహా బయటికొచ్చింది. పెన్సిల్వేనియాల గూడ అసొంటి లెక్కలే అచ్చేసిండ్రు. అక్కడి సర్జన్లను అడిగితే, బాగా సీరియస్ ఉన్నోళ్లకు ఆపరేషన్ చేయనీకి మునుపటంత ముందుకు వస్తలేమని సగానికి మించినోళ్లు చెప్పిండ్రు. ఒహాయోల క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు చూస్కుంటే, న్యూయార్క్ నుంచి తమ దగ్గరికి వస్తున్న రోగులు మిగతా చోట్ల నుంచి వచ్చేటోళ్ల కంటే ముదిరిన కేసులు. ఇప్పుడు మన ఊరు తీస్కో. ముప్పై ఏండ్లు బొగ్గు దుమ్ము పీల్చిన పెద్దమనిషి పేగు మెలిపడి రాత్రిపూట వస్తడు. ఊపిరితిత్తులు సగమే పని చేస్తుంటయి. చేస్తే బతుకుతడన్న నమ్మకం లేదు, చేయకుంటే పోవుడు ఖాయం. లెక్క ఖరాబైతదని 'కరీంనగర్ తీస్కపోండి' అంటే? దారిల ప్రాణం పోతది. ఆసుపత్రి రిజిస్టరు మాత్రం తెల్లగ మెరుస్తది.

నేను: ఇది నిజమైన ప్రశ్న. లెక్క బాగుండాలని దెబ్బ దాచే బుద్ధి ఏ పనిల అయినా పుడతది. అందుకే లెక్క ఎట్ల కట్టాలో ముందు తేల్చుకోవాలె. మేం చావులు ఎట్ల లెక్కేస్తం? మూడు లక్షల మ్యాన్‌షిఫ్టులకు ఎన్ని అని. అండర్‌గ్రౌండ్ వేరు, ఓపెన్‌కాస్టు వేరు. రెండూ ఒక్క వరుసల వేస్తే బాయి మేనేజరు ఎంత మంచోడైనా చెడ్డోడే అయితడు. గ్యాస్‌ను బట్టి గనులకు ఒకటి, రెండు, మూడు డిగ్రీలున్నయి. రూఫ్ బండకు గూడ నూటికి మార్కులేస్తరు. పొరల మందం, పగుళ్లు, గాలికీ తేమకూ ఎంత పొడైతది, బలం, నీటి ఊట, ఈ ఐదూ చూసి ఇది మంచి రూఫ్, ఇది చెడ్డ రూఫ్ అని తేలుస్తరు. చెడ్డ రూఫ్ ఉన్న చోట బొగ్గు తీయొద్దని కాదు, సపోర్టు ఎక్కువ పెట్టమని. ఆ మార్కులు కూలినంక వేయరు, పని మొదలుపెట్టకముందే వేస్తరు. మీ దగ్గర రోగికి అసొంటి మార్కులు లేవా?

అల్లుడు: ఉన్నయి. మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు ముందే ఏఎస్ఏ గ్రేడ్ రాస్తరు. ఒకటి అంటే ఆరోగ్యంగ ఉన్నోడు, ఐదు అంటే ఆపరేషన్ చేయకుంటే బతకనోడు.

నేను: మరింకేంది? ఐదో గ్రేడు మనిషి పోతే, ఒకటో గ్రేడు మనిషి పోతే రెండూ ఒకటే చావుగ రాయకుండ్రి. ఐదో గ్రేడోణ్ణి బతికించిన సర్జన్‌కు లెక్కల పేరు రావాలె. ఇంకోటి. కరీంనగర్ పంపినోణ్ణి గూడ మీ రిజిస్టరుల్నే రాయాలె. దారిల పోతే అది మీ లెక్కనే. అప్పుడు పంపుడుతోటి లెక్క తెల్లగ కాదు. న్యూయార్క్ లెక్కల అటు పంపినోళ్లు ఉన్నరా?

అల్లుడు: లేరు. ఆపరేషన్ అయినోళ్ల లెక్కే.

నేను: లోపం అక్కడున్నది. మరి న్యూయార్క్‌ల చావులు పెరిగినయా తగ్గినయా?

అల్లుడు: తగ్గినయి. రోగుల తీవ్రతను సరిచేసి చూస్తే 1989ల నూటికి 4.17 ఉన్నది 1992 వరకు 2.45కి వచ్చింది. అది లెక్క తీసుడు వల్లనేనా అని వాదనలున్నయి.

నేను: వాదనలు ఉండనీ. సర్జన్ పేరు మాత్రం గోడ మీద అంటించొద్దు, ఆ మాట నేను గూడ అంటున్న. పేరు డిపార్ట్‌మెంట్ లోపల ఉండాలె, ఆసుపత్రి ఫలితం బయట ఉండాలె.

అల్లుడు: పంపినోణ్ణి గూడ లెక్కేసుడు అన్న మాట నాకు తట్టలే. అట్లయితే నా భయం చాలా వరకు పోయినట్టే.

నేను: అయితే ఇంకోటి చెప్పు. నువ్వు మొదటి కోత ఎవరి మీద పెట్టినవు?

అల్లుడు: ఒక పేదాయన మీద. ప్రొఫెసర్ పక్కన నిలబడ్డడు.

నేను: ప్రైవేటు ఆసుపత్రిల పైసలు కట్టినోడి మీద మొదటి కోత పెట్టనిస్తరా? నేర్చుకునుడు అంతా పేదోడి ఒంటి మీదనే. బాయికి కొత్తగ వచ్చినోణ్ణి 1966 ట్రైనింగ్ రూల్స్ ప్రకారం ముందు వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్ల నేర్పి, తర్వాతే కిందికి దింపుతరు. డ్యూటీల ఉన్నోళ్లకు గూడ మళ్లీ మళ్లీ రిఫ్రెషర్ ఉంటది.

అల్లుడు: సుశ్రుతుడు ఎప్పుడో చెప్పిండు మామా. కోత నేర్చుకునేటోడు ముందు గుమ్మడికాయ, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద నేర్వాలన్నడు. ఇప్పుడు సిమ్యులేటర్లు వచ్చినయి, కానీ అన్ని కాలేజీలల్ల లేవు. మాకు లాగ్‌బుక్ ఉంటది. ఎన్ని కేసులు చూసినం, ఎన్నిట్ల సాయం చేసినం, ఎన్ని సొంతంగ చేసినం అని రాస్తం.

నేను: ఆ కేసులు తర్వాత ఎట్లున్నయో ఆ లాగ్‌బుక్‌ల కాలమ్ ఉన్నదా?

అల్లుడు: నా దాంట్ల లేదు. మిషిగన్‌ల ఒక పరిశోధన జరిగింది, 2013ల అచ్చయింది. బరువు తగ్గే సర్జరీ చేసే 20 మంది సర్జన్లు తమ ఆపరేషన్ వీడియోలు ఇచ్చిండ్రు. ఎవరిదో తెల్వకుండ తోటి సర్జన్లే చేతి నైపుణ్యానికి మార్కులేసిండ్రు. తక్కువ మార్కులు వచ్చినోళ్ల రోగులల్ల కాంప్లికేషన్లు నూటికి 14.5, ఎక్కువ వచ్చినోళ్లల్ల 5.2. వాళ్లంతా పనిల ఉన్న సర్జన్లే, స్టూడెంట్లు కాదు.

నేను: పరీక్ష పాసైనంక గూడ చేతికీ చేతికీ ఇంత తేడా ఉన్నదన్నట్టు. ఆ తక్కువ మార్కులోళ్లు చెడ్డోళ్లు కాదు. వాళ్లకు ఎవరూ చెప్పలే. చెప్పేది ఫలితం ఒక్కటే.

అల్లుడు: కోర్టులున్నయి మామా. రాసిందే మా మీద సాక్ష్యమైతది. రోగి బంధువులు కొట్టనీకి వస్తరు.

నేను: డాక్టరు మీద క్రిమినల్ కేసు పెట్టాలంటే ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005ల సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ కేసుల చెప్పింది. నిజాయితీగ రాసినోడికి భయమెందుకు? నేర్చుకోనీకి రాసింది కోర్టుల చూపొద్దని చట్టం అడుగుండ్రి, మేం గూడ అడుగుతం.

అల్లుడు: రోగుల వెంబడి తిరగనీకి మనుషులేరి?

నేను: బాలింత కాన్పయిన 42 రోజుల లోపల ఇంట్ల చనిపోయినా ఆశా కార్యకర్త చెప్తది, ఆ చావు మీద సమీక్ష జరగాలె. 2010 నుంచి దేశంల మార్గదర్శకాలున్నయి. తల్లులకు చేయగలిగింది హెర్నియా పేషెంటుకు చేయలేమా? ఒక్క ఫోన్ చాలు.

అల్లుడు: చేయొచ్చు. నేను గూడ ఆ దిక్కే ఆలోచిస్తున్న.

నేను: 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిల నీళ్లు విరుచుకపడి 17 మంది చనిపోయిండ్రు. ఆ రోజు ఏం జరిగిందో ఈ ఊరికి తెలుసు, చెప్పుకుంటది. అదే ఊర్ల ఆపరేషన్ల తర్వాత ఏటా ఎంతమంది పోతున్నరో అడుగు, చెప్పేటోడు దొరకడు. బొగ్గు కింద పోయిన ప్రాణానికి లెక్క ఉండి, కత్తి కింద పోయిన ప్రాణానికి లేకపోవుడు న్యాయం కాదు.

మా మాటలు అంతటితో ఆగినయి. ఇప్పుడు రామగుండం ప్రభుత్వ మెడికల్ కాలేజీ పెద్దలకు ఒక విజ్ఞప్తి. సింగరేణి నిధులతోటి, అంటే బాయి మనుషుల చెమట పైసలతోటి కట్టిన కాలేజీ మీది. 2022లో 150 మంది విద్యార్థులతో మొదలైంది. పాతుకుపోయిన అలవాట్లు లేని కొత్త సంస్థ కాబట్టి మిమ్మల్నే అడుగుతున్న. మీ ఆసుపత్రిలో జరిగే ప్రతి ఆపరేషన్‌కూ ముందే గ్రేడు రాయండి. ముప్పై రోజులు నిండినంక ఆపరేషన్ చేసిన డాక్టరు కాకుండ వేరే మనిషితోటి ఆ ఇంటికి ఫోన్ చేయించండి. మరో ఊరికి పంపినోళ్లను గూడ ఆ లెక్కల్నే రాయండి. ఏటా ఒకసారి ఆ ఫలితాలు తెలుగులో అచ్చేసి గోదావరిఖని జనం ముందు పెట్టండి.