వసంతమృగయ – ధర్మవిచారము

మాసములలో మార్గశిరమును, ఋతువులలో వసంతమును తానేనని గీతాచార్యుడు విభూతియోగమున సెలవిచ్చెను. పండ్లు పండు కాలమును గాక పూవులు పూయు కాలమును స్వామి ఏల తనదిగ చెప్పుకొనెను? పెద్దలు పలువిధముల వ్యాఖ్యానింతురు. నాకు తోచిన భావ మిది. వసంతము అనుభవమునకు కాక ఆరంభమునకు కాలము. చెట్టు రాబోవు విత్తనమునకై పూయును. పక్షి రాబోవు పిల్లకై పాడును. సృష్టి తనను తాను నిలుపుకొను ఆ ఘడియలో పరమాత్మ సన్నిధి అధికమని స్వామి సూచించినట్లు తోచును.

మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో చైత్రము వచ్చినదనగా జీడిమామిడి తోటలు పరిమళించును. కొండవాలులలో ఇప్పపూవులు రాలును. తెల్లవాఱకమున్నె పొలముగట్ల తుప్పలమాటునుండి కంజుపిట్ట కూయును. అడవికోడి యొక గట్టునుండి పిలువగ వేఱొక గట్టునుండి బదులు వచ్చును. ఆ పిలుపులు విని మనము ఆనందింతుము. కాని ఆ పిలుపుల జాడబట్టి పోయి కొట్టు ఆచారము కూడ అనాదిగ కలదు. అడవి పలుచబడి, ఆకు రాలి, జంతువు కంటబడు కాలము కనుక వేటకు వసంతము అనువైనది. బంధువులు, మిత్రులు గుంపుగ కూడి పోయెడి ఆ వేట ఒక్క ఆహారముకొఱకు మాత్రమే కాదు. అందొక ఉత్సవము కలదు.

కావున విచారింపవలసిన ప్రశ్న యిది: స్వామి తన స్వరూపమని చెప్పిన ఋతువున, జంటకై పిలుచుకొను ప్రాణిని కొట్టుట తగునా? పదిమందితో కూడి సంతోషముగ చేసినంతమాత్రమున దాని దోషము తగ్గునా?

ఆ ఉత్సవస్వరూపము నెఱుగక తీర్పు చెప్పుట అన్యాయము. శృంగవరపుకోట దాటి ఘాటుదారిని ఎక్కినచో అరకు సీమ వచ్చును. పూర్వము విశాఖ జిల్లాలోనిదై, 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన ఆ అరకు, పాడేరు ప్రాంతములందు గిరిజనులు చైత్రమాసమున ఇటుకల పండుగ జరుపుదురు. రాబోవు సాగునకు వలయు విత్తనములను దేవతల యెదుట పెట్టి పూజింతురు. పురుషులు విల్లంబులు పట్టి జట్టుగ అడవికి వేటకు పోదురు. రిత్తచేతులతో తిరిగివచ్చినవారిని స్త్రీలు పరిహసింతురు. ఆడువారు దారులకు అడ్డుకఱ్ఱలు కట్టి, పోవువారిని నిలిపి, పైకము పుచ్చుకొని విడుతురు. రాత్రులు థింసా నృత్యముతో గ్రామములు మేలుకొనును. ఒకమాఱు ఆ దారిని పోవుచు నేనును అడ్డుకఱ్ఱవద్ద చిల్లర చెల్లించి, నవ్వుచు సాగితిని. ఏడాది పొడవున కొండపోడులో కష్టించు ఆ జనమున కది కలిసియుండు కాలము. తండ్రి కొడుకునకు అడవిదారులు నేర్పు పాఠశాల. అట్టిదానిని మైదానమున కూర్చున్నవాడు తేలికగ నిందింపరాదు.

నిందింపరాదని శాస్త్రమే మనకు బుద్ధి చెప్పినది. మహాభారత వనపర్వమున మాంసమమ్ముకొని జీవించు ధర్మవ్యాధుడు, వేదాధ్యయనపరుడైన కౌశికునకు ధర్మము నుపదేశించెను. నాగలితో భూమిని దున్నువాడు సైతము లెక్కకు రాని ప్రాణులను చంపుచునే యున్నాడనియు, పూర్తిగ హింస చేయనివాడు లోకమున లేడనియు ఆయన చెప్పెను. మన కంచములోని అన్నమునకు కూడ ఆ మాట వర్తించును. శ్రీకాళహస్తిలో స్వామికి కన్ను లర్పించిన తిన్నడు వేటగాడే. కావున వేటగాని కులమును, కూటిని ఆక్షేపించుట నా యభిమతము కాదు.

అయితే ఆకలికి చేయు వేట వేఱు, వేడుకకు చేయు వేట వేఱు. ఈ రెండవదానిని గూర్చియే శాస్త్రకారులు కఠినముగ పలికిరి. కామమునుండి పుట్టు పది వ్యసనములను మనువు లెక్కించినపుడు మొట్టమొదట చెప్పినది మృగయయే. పానము, జూదము, స్త్రీలౌల్యములతోపాటు దానిని మిక్కిలి కష్టములైన నాల్గింట చేర్చెను. కౌటిల్యుడు కొంత మెత్తబడి, వేటవలన వ్యాయామము కలుగుననియు, కదలు గుఱిని కొట్టు నేర్పు వచ్చుననియు, జూదముకంటె అది నయమనియు చెప్పెను. శాకుంతలమున ద్వితీయాంకమందు సేనాపతి కూడ ఇట్లే వేటను పొగడును. కాని అదే నాటకపు మొదటి అంకమున, జింకను తఱుముకొని వచ్చిన దుష్యంతుని ఆశ్రమవాసు లడ్డుకొని, ఆర్తులను రక్షించుటకే గాని నిరపరాధులను కొట్టుటకు ఆయుధము కాదని మందలింతురు. రాజు వెంటనే బాణమును ఉపసంహరించును. పొగడ్త ప్రభువునకు ఇష్టము పలుకు కొలువుకానినోట, నిజము ఏమియు కోరని మునినోట పెట్టుటలో కాళిదాసు తీర్పు ఉన్నదని నా నమ్మకము.

ఇక వసంతమును గూర్చి. మన వాఙ్మయమున మూడు విలాపములు కలవు. మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ప్రశ్నకు సమాధానము దొరకును.

మొదటిది క్రౌంచపక్షిది. తమసాతీరమున జంటగ విహరించు క్రౌంచములలో మగదానిని నిషాదుడు కొట్టెను. ఆడుపక్షి ఆక్రందించెను. ఆ శోకమునుండి ఆదికవికి శ్లోకము పుట్టెను. నిషాదులు పక్షులను కొట్టుట ఆనాడు క్రొత్త కాదు. వాల్మీకి హృదయము కరిగిన దేలయన, ప్రేమలో మైమఱచియున్న ప్రాణిని కొట్టినందుకు.

రెండవది కిందమమునిది. మృగరూపమున భార్యతో కూడియున్న ఆ మునిని పాండురాజు బాణముతో కొట్టెను. వేట రాజులకు విహితమేనని రాజు వాదించెను. మృగమును కొట్టినందుకు నిన్ను నిందింపను, ఆ సమయము దాటువఱకు ఆగవలసినదని ముని సమాధానము. ధర్మసూక్ష్మ మంతయు ఈ యొక్క మాటలో కలదు. తప్పు బాణములో లేదు, కాలములో ఉన్నది.

మూడవది మనవారు అరుదుగ తలచుకొను కథ. పాండవులు ద్వైతవనమున నివసించు కాలమున ఒకరాత్రి ధర్మరాజునకు కలలో జింకలు కనబడి, కంపించుచు, కన్నీటితో నిలిచినవి. “మీ సోదరుల బాణములకు మా కులము క్షయించినది. విత్తనమునకు కొందఱము మాత్రము మిగిలితిమి. మీరు వేఱొక తావునకు పోయినచో మేము మరల వృద్ధిపొందుదుము” అని వేడుకొన్నవి. ధర్మరాజు మేల్కొని, తమ్ములకు చెప్పి, కామ్యకవనమునకు తరలిపోయెను. ఆకలిగొన్న వనవాసులే యైనను, ఆ కుటుంబము జింకలకొఱకు ఇల్లు మార్చుకొన్నది. ఆ మృగములు తమను వేటాడవలదని శాసింపలేదు. విత్తనమును మిగుల్పుమని మాత్రమే కోరినవి.

‘విత్తనము’ అను ఈ మాట నన్ను ఇటుకల పండుగకు మరల తీసికొనిపోవును. అచ్చట దేవతముందు విత్తనములను పెట్టి మ్రొక్కుట కలదు. ఎంత ఆకలియైనను విత్తనపుగింజలను వండుకొని తినరాదని రైతుబిడ్డ యెఱుగును. వసంతమున జంటకూడిన పిట్ట అడవికి విత్తనపుగింజ వంటిది. దానిని కొట్టుట విత్తనమును వండుకొనుటయే. అనగా వేటలోని ధర్మము శాస్త్రములలో వెదకనక్కఱలేదు. ఆ పండుగలోనే, పూజపీటమీదనే ఉన్నది.

ఇంతవఱకు వ్రాసినది చదివి ఈ పంతులు చేతికి మట్టి యంటనివాడని పాఠకులు తలచవచ్చును. అది నిజము కాదు. నాకు పండ్రెండేండ్ల వయసున, పాఠశాలలో పాడ్యమి అనధ్యయనము వచ్చినపుడెల్ల, మా ఊరి రైతు కుమారునితో కూడి పొలములవెంట తిరుగుచుండెడివాడను. పిట్టల కూతలను అనుకరించు విద్య నాకు అబ్బినది. అతనివద్ద గుఱ్ఱపువెండ్రుకలతో అల్లిన ఉచ్చు లుండెడివి. వేటగాండ్రు దీమపుపిట్టను పంజరమున పెట్టి అడవిపిట్టలను రప్పింతురని మీరు వినియుందురు. మాకు పంజరము లేదు, దీమము లేదు. నేనే దీమమును.

ఒక చైత్ర బహుళ పాడ్యమి ఉదయమున నేను తుప్పమాటున కూర్చుండి కంజుపిట్టవలె కూసితిని. బదులు వచ్చినది. మరల కూసితిని. పిట్ట తుప్పలనుండి వెడలి, మెడ చాచి, నా పిలుపును నమ్మి పరువెత్తుకొని వచ్చి ఉచ్చులో పడినది. మిత్రుడు ఆనందముతో నా వీపు తట్టెను. ఆనాటి ఆ మెచ్చుకోలు ఎంత తీయగ నుండెనో నేటికిని జ్ఞాపకము. మఱునాడు ఉదయమున, సాయంకాలమున, అదే తుప్పలనుండి రెండవ పిట్ట కూయుట వింటిని. దానికి బదులు చెప్పు నేర్పు నాకు కలదు. కాని నోరు రాలేదు. ఆ పిమ్మట నేను ఎన్నడును పిట్టకూత కూయలేదు.

తరువాత చిరకాలము విద్యార్థులకు రఘువంశము చెప్పితిని. నవమసర్గమున కాళిదాసు వసంతమును వర్ణించి, వెనువెంటనే దశరథుని వేటకు పంపును. రాజు ఒక జింకకు గుఱిపెట్టగ, దాని ప్రియురాలు అడ్డముగ వచ్చి నిలుచును. తానును ప్రేమ నెఱిగినవాడు గనుక దశరథుడు చెవిదాక లాగిన వింటిని సడలించును. అచ్చటనే ఆగి యింటికి పోయియున్న ఎంత బాగుండెడిది! ఆయన ఆగలేదు. వేట రుచి ఆయనను ముందుకు లాగినది. కడకు నీటిలో కడవ మునిగిన చప్పుడు విని, ఏనుగని భ్రమసి, శబ్దము ననుసరించి బాణము విడిచెను. మునికుమారుడు కూలెను. ఒకమాఱు దయ కలుగుట చాలదు, దయ కలిగినచోట ఆగుట వలయునని ఆ సర్గ బోధించును. ఇచ్చటికి వచ్చినపుడెల్ల నా కంఠము తడబడెడిది. విద్యార్థులు అది కవిత్వప్రభావ మనుకొనెడివారు. పిలుపు విని కొట్టినవాడు దశరథుడు. పిలిచి పట్టించినవాడను నేను. ఏది ఘోరమో చెప్పజాలను. నమ్మి వచ్చినవానిని వంచించుట శరణాగతధర్మమునకు విరుద్ధమని మాత్రము ఎఱుగుదును.

ఆ మిత్రుడు నేటికిని నాకు ఆప్తుడు. మొన్నటి సంక్రాంతికి కలిసినపుడు ఈ సంగతి జ్ఞాపకము చేసితిని. అతడు కొంతసేపు ఊరకుండి, “పిట్ట కోసమేటి ఎల్లినాం పంతులూ? మనిద్దరం కలిసి తిరగడానికి ఎల్లినాం గానీ” అనెను. ఆ మాట నాకు కన్ను తెఱిపించినది. వేటలో మనసును పట్టియుంచునది రక్తము కాదు. వేకువజామున కలిసి నడచుట, ఊపిరి బిగబట్టి వినుట, పెద్దవాడు చూపినదానిని చిన్నవాడు చూచుట, తిరిగివచ్చి పదిమందికి చెప్పుకొనుట. ఇవియే దాని సారము. వీనిలో దేనికిని ప్రాణహరణము అవసరము లేదు.

ఇది ఊహ కాదనుటకు మన జిల్లాయే సాక్షి. టెక్కలి సమీపమున తేలినీలాపురమునకు శరత్కాలమునుండి గూడబాతులును, రంగురంగుల కొంగలును వచ్చి, గ్రామపు చెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురునాటికి మరలిపోవును. ఇచ్ఛాపురము చెంత తేలుకుంచికి తొలకరితో నత్తగుల్లకొంగలు వచ్చి, ఇండ్లనడుమ చింతచెట్లమీదనే సంసారము పెట్టును. రెట్టలును, చేపలకంపును, రేయింబవళ్లు రొదయు సామాన్యమైన బాధ కాదు. అయినను ఆ గ్రామస్థులు వానిని ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చినట్లు భావింతురు. అవి వచ్చిన వానలు, పంటలు బాగుగ నుండునని నమ్ముదురు. అచ్చటికి కుటుంబములతో, స్నేహితులతో జనులు పోయి చూచి వచ్చుచున్నారు. చెట్టుక్రింద తండ్రి బిడ్డకు గూడును చూపుచున్నాడు. ఇదియు వసంతమృగయ వంటిదే. కన్నే బాణము, గుఱి తప్పినను పాపము లేదు.

1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను నేరముగ నిర్ణయించినది. నెమలి మొదలుకొని కంజుపిట్ట వఱకు నేడు చట్టపు రక్షణలోనివే. చట్టము చేతిని ఆపగలదు. మనస్సును ఆపవలసినది ధర్మము. చట్టమునకు వెఱచి ఆగినవాడు చీకటిలో మరల పోవును. జింకల కల కన్నవాడు మరల పోజాలడు.

కావున నా ప్రశ్నకు నేను తెలిసికొన్న సమాధాన మిది. ఆకలి హింసకు కొంత మన్నింపు కలదు, వేడుకకు లేదు. సంతోషమును పదిమంది పంచుకొనిన అది పెరుగును. పాపమును పదిమంది పంచుకొనిన అది తఱుగదు, ఒక్కొక్కనికి నిండుగనే చేరును. వసంతమున పలుకు ప్రతి పక్షి పిలుపు ఆ కుసుమాకరుని పిలుపే. ఈ చైత్రమున మీ బిడ్డలను, స్నేహితులను వెంటబెట్టుకొని వేకువనే పొలిమేరకు పొండు. తుప్పలలోని ఆ కూతను వినుడు. బదులు పలుకవలదు. అది మన కొఱకు కాదు.