ఎవరూ అడగని ఊళ్లో ఓటు

2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఓటేసినవాళ్లు 48 శాతం చిల్లర. సికింద్రాబాద్ అంతకంటే పిసరంత మేలు. అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం పోలింగ్ జరిగింది. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటినా క్యూ తరగలేదు. ఈ అంకెలు పక్కపక్కన కనబడగానే అందరూ నగరం మీద విరుచుకుపడ్డారు. సెలవిస్తే పడుకున్నారన్నారు. ఓటెయ్యనివాడికి రోడ్డు బాగాలేదని అడిగే హక్కెక్కడిదన్నారు. ఆ కోపం నిజమైనదే. కానీ అది మనిషిని సగమే చూసిందని నాకనిపిస్తుంది.

పోలింగ్‌కు ముందు రోజుల్లో విజయవాడ హైవే ఎలా ఉందో గుర్తుందా? పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లు, సీటు దొరక్క బస్సుల్లో నిలబడి ఓటెయ్యడానికి సొంతూళ్లకు వెళ్లిన జనం. వాళ్లంతా కూకట్‌పల్లి, మియాపూర్, ఎల్బీనగర్‌లలో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లే. వెనక వీధి బడిలోనే బూత్ ఉన్నా ఇక్కడ ఓటు రాయించుకోని మనిషి, మే ఉక్కలో రాత్రంతా ప్రయాణం చేశాడు. పార్టీలు ఛార్జీలిచ్చాయంటారు, నోట్లు ముట్టాయంటారు. అదీ ఉంది, కాదనను. మరి అమెరికా నుంచి విమానమెక్కి వచ్చినవాళ్ల మాటేమిటి? ఊళ్లో బూత్ దగ్గర కూర్చున్న ఏజెంటు జాబితా తిప్పకుండానే గుర్తుపడతాడు. "ఏరా, ఎప్పుడొచ్చావ్? అమ్మకి ఒంట్లో ఎలా ఉంది?" అంటాడు. రాకపోతే మధ్యాహ్నానికల్లా ఫోనొస్తుంది. ఇక్కడ మనం రాలేదని గమనించేవాళ్లే లేరు. తాను లేని లోటు ఎవరికీ తెలియని చోట, తన ఓటుకు విలువుందని మనిషి ఎలా నమ్ముతాడు?

ఎవరొచ్చినా ఇంతే అని కావాలనే ఇంట్లో కూర్చున్నవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. సుప్రీంకోర్టు తీర్పుతో 2013 నుంచి నోటా బటన్ ఉంది. విసుగును అక్కడైనా నమోదు చేయొచ్చు.

మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆవిడ వేరు. పోలింగ్ రోజు ఉదయం నాలుగిళ్ల పని ముగించుకుని, చీరకొంగులో ఓటరు కార్డు ముడేసుకుని రెండు బడులు తిరిగింది. రెండోచోట సిబ్బంది వేలితో వరస వెంట వరస చూసి, "ఇక్కడ లేదమ్మా, ఫారం 8 పెట్టుకోవాల్సింది" అన్నారు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా గ్యాసు మార్చుకుంది, పిల్లల బడి మార్చుకుంది. ఓటూ మార్చుకోవాలని ఆమెకు చెప్పినవాళ్లెవరు? పేరు ఇంకా పాత బస్తీ జాబితాలోనే ఉంది. అక్కడి లెక్కలో ఆమె ఓటెయ్యని మనిషి. చనిపోయినవాళ్లూ, రెండుచోట్ల పేరున్నవాళ్లూ కూడా ఆ లెక్కలోనే ఉంటారు.

ఓటెయ్యనివాళ్లకు జరిమానా వేయాలని, రేషన్ ఆపాలని చదువుకున్నవాళ్లే అంటుంటే నాకు బాధేస్తుంది. ఆ శిక్ష మొదట పడేది ఈమెకే. మొన్న కూర్చుని ఆమె ఫారం నింపాను. చిరునామా రుజువుగా అద్దె కాగితం పెడదామనుకున్నాం. అది రాసివ్వడానికి ఇంటి ఓనరు ఇంకా ఒప్పుకోలేదు.