జెండాకు కుడి చోటు

ఆగస్టు 15 మరియమాత మోక్షారోపణ మహోత్సవం, మన స్వాతంత్ర్య దినం కూడా. పూజ ముగిసి విచారణ హాలులో సభకు కూర్చుంటాం. వేదికపై త్రివర్ణ పతాకం ఎక్కడుంది?

2002 నాటి భారత పతాక నియమావళి ప్రకారం, సభికులవైపు తిరిగి నిలిచిన వక్తకు కుడిపక్కన ఉండాలి. కూర్చున్న మనకది ఎడమ, తికమకంతా అక్కడే. లేదా వక్త వెనుక గోడకు, ఆయనకన్నా ఎత్తుగా, పరచి కట్టవచ్చు. బల్లపై గుడ్డగా వేయరాదు, వేదికకు చుట్టరాదు. "అందంగా ఉంటుందని, ఫాదర్!" అంటారు యువకులు. బలిపీఠపు వస్త్రాన్ని విందు బల్లపై అందానికి పరుస్తామా, నాయనా?

పోపుగారి పసుపు తెలుపుల జెండా కూడా ఉంటే, కుడి స్థానం త్రివర్ణానిదే. అందులో పోపుగారికి చిన్నతనమేమీ లేదు. ఎవరి గౌరవం వారికి చెల్లించాలని పునీత పౌలుగారు రోమీయులకు వ్రాయలేదా? సభ కాగానే జెండాను కుర్చీల వెనుక కుక్కి వెళ్ళకండి. మడిచి లోపల పెట్టేవరకు ఒకరైనా ఆగండి.