కాంతాసమ్మితము - కాంతావాక్కు

వేదము ప్రభువువలె శాసించుననియు, పురాణము మిత్రునివలె హితము చెప్పుననియు, కావ్యము కాంతవలె మనస్సును కరగించి మంచి త్రోవకు మరల్చుననియు ఆలంకారికుల మతము. కాశ్మీరమున మమ్మటుడు ఈ మాట చెప్పెను. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడును ఈ మాటయే చెప్పెను. అలంకారశాస్త్ర పాఠమునకు కూర్చున్న ప్రతి విద్యార్థియు దీనిని వల్లించిన పిదపనే ముందునకు సాగును. అయినను ఒక ప్రశ్న అడుగువారు అరుదు. కావ్యము కాంతావాక్కువంటిదైనచో, కాంతయే స్వయముగా కావ్యము చెప్పినపుడు సభ దానిని ఎట్లు స్వీకరించినది? ఉపమానముగా వచ్చిన కాంతకు పీటవేసిన పండితలోకము, ఎదుట నిలిచిన కాంతకు చాపయైన పరచినదా?

శాస్త్రమున ఇందుకు అడ్డేమియు లేదు. సంస్కారము ఆత్మను ఆశ్రయించునే గాని స్త్రీపురుష భేదమును పాటింపదనియు, కావున పురుషులవలె స్త్రీలును కవులు కాగలరనియు రాజశేఖరుడు కావ్యమీమాంసలో స్పష్టముగా చెప్పినాడు. చెప్పి ఊరకుండక, తన యిల్లాలు అవంతిసుందరి అభిప్రాయములను ఆ గ్రంథముననే పేరుపెట్టి ఉదాహరించినాడు. అంతకు ఎంతయో పూర్వము, ఋగ్వేదమున వాగాంభృణి, లోపాముద్ర, అపాల, ఘోష మంత్రద్రష్ట్రులైరి. దేవాలయములలో నిత్యము వినవచ్చు దేవీసూక్తము వాగాంభృణి దర్శించినదే. ఘోష వ్యాధిపీడితయై, వివాహము లేక, తండ్రి యింటనే వయస్సు గడచుచుండగా అశ్వినీదేవతలను ఆశ్రయించినదని సంప్రదాయము. స్త్రీలు తమ కష్టములను కవిత్వముగా వ్రాయుట పాశ్చాత్య వ్యామోహమని నేటికిని తలంచు పెద్దలు కలరు. ఘోష ఏ పాశ్చాత్య గ్రంథమును చదివినదో వారు చెప్పవలసియున్నది.

సూర్యాపేట జిల్లా మఠంపల్లి మండలమున, కృష్ణాతీరమందు, మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. అచట 32 ప్రదక్షిణములు చేసి మొర చెప్పుకొనుట భక్తుల ఆచారము. సంతానము లేనివారు, సంసారము చెదరినవారు, భర్తను కోల్పోయినవారు తిరుగుచునే యుందురు. ఆ మొరలలో తగినది యిది, తగనిది యిది యని స్వామి ఏరడు. నరసింహావతారమునందలి విశేషమే అది. ఇంటి యజమాని వినుటకు సమ్మతింపని చిన్నవాని మాటను దేవుడు విన్నాడు. ఆ కథలో ఇంకొక సూక్ష్మము కలదు. స్తంభమున హరి యున్నాడా యని నిదర్శనము అడిగినవాడు హిరణ్యకశిపుడు. ప్రహ్లాదుడు ఎన్నడును నిదర్శనము అడిగినవాడు కాడు.

ఆ నరసింహుని సన్నిధియందే, కాని దూరమున, చిత్తూరు సీమలో వాయల్పాటి చెంతనున్న తరిగొండలో, 1730వ సంవత్సరమున వెంగమాంబ జన్మించెను. బాల్యముననే వివాహము, బాల్యముననే వైధవ్యము. ఆనాటి ఆచారము విధించిన శిరోముండనమునకు గాని, మంగళచిహ్నములను విడుచుటకు గాని ఆమె అంగీకరింపలేదు. తనకు భర్త శ్రీనివాసుడే యని పలికినది. ఊరివారు పీఠాధిపతిని రప్పించిరనియు, ఆయన నమస్కరింపుమనగా ఆసనమును దిగుమని ఆమె కోరెననియు, ఆమె నమస్కరింపగా ఆ వట్టి ఆసనము భగ్గున మండెననియు భక్తలోకమున కథ ప్రచారమందున్నది. కథను విని పులకించుటతో చాలమంది తృప్తిపడుదురు. విచారింపవలసినది అటుపిమ్మట ఉన్నది. ఆసనము మండకపోయినచో ఆమె మాట అసత్యమగునా? ఆ కాలమున ఊరూరను ఎందరో బాలవితంతువులు అదే దుఃఖముతో అదే క్షురకుని ముందు కూర్చుండిరి. వారి నమస్కారమునకు ఏ పీఠమును మండలేదు. వారిది భక్తి కాదనగలవారెవరు? మహిమను చూపిన స్త్రీని మాత్రమే ఆదరించు సంఘము, ఆమెను ఆదరించినట్లా, మహిమకు జంకినట్లా?

వెంగమాంబ తరిగొండ నృసింహశతకము చెప్పినది. తిరుమల చేరి వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము మొదలగు గ్రంథములు రచించినది. 1817లో పరమపదించినది. నేటికిని తిరుమలలో ఏకాంతసేవవేళ స్వామికి ఆమె పేరిట ముత్యాలహారతి జరుగుచున్నది. మంగళకార్యమున ఎదురు రాదగదని సంఘము ఎవరిని తొలగించెనో, ఆమె హారతితోనే స్వామి ప్రతిరాత్రి పవ్వళించుచున్నాడు. తిరుమలలోని అన్నప్రసాద భవనమునకును 2011 నుండి ఆమె పేరే యున్నది. ఆ గౌరవమునకు ఆమె అర్హురాలు. కాని ఆమె గ్రంథములను తెరచి, పద్యపుగుణమునుబట్టి, యోగశాస్త్ర పరిచయమునుబట్టి ఒక కవిగా చదువువారు హారతిని చూచువారిలో ఎందరు? దేవతను చేయుట కొన్నివేళల చదువక తప్పించుకొను మార్గమగును.

గోపవరపు మొల్ల విషయమున త్రోవ వేరు. కుమ్మరి కులమున పుట్టి, తెలుగున రామాయణము రచించి, రాజులకు గాక శ్రీరామునకే అంకితమిచ్చిన ధీర యామె. శాస్త్రములు తనకు తెలియవనియు, శ్రీకంఠ మల్లేశ్వరుని వరమే తన కవిత్వమనియు అవతారికలో చెప్పుకొన్నది. అది కవులందరకు సహజమైన వినయమే. అట్టి వినయమును పోతన పలికినపుడు మహాకవి నమ్రత యని మెచ్చిన లోకము, మొల్ల పలికినపుడు అక్షరార్థమున గ్రహించి, ఆమెకు పాండిత్యము లేదని నిర్ణయించినది. మొల్ల రామాయణమును నిదానముగా చదివినవారికి ఆమె ఎంత చదివినదో తెలియకపోదు.

వినయము పలికినవారి గతి యిది. వినయము పలుకని ముద్దుపళని గతి యింకను కఠినమైనది. తంజావూరు ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానవిదుషి యామె. దేవదాసీ వంశజ. తన వంశమందలి స్త్రీలను, తన విద్యను కావ్యాదిని సగౌరవముగా చెప్పుకొన్నది. ఆమె రాధికాసాంత్వనమున, ఇళాదేవికి స్వయముగా కృష్ణుని అప్పగించిన రాధ, తరువాత ఆ యెడబాటును ఓర్వలేక అలుగగా, కృష్ణుడు దిగివచ్చి ఆమెను ఓదార్చును. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో ఆమె పాండిత్యమును ఒప్పుకొనుచునే, స్త్రీ నోట రాదగని మాటలని కావ్యమును గర్హించిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిన మహనీయుడాయన. స్త్రీల కన్నీటిని తుడిచిన ఆ చేయియే స్త్రీ కలమును తప్పుపట్టినది. దుఃఖించు స్త్రీని స్వీకరించుట కంటె, నిస్సంకోచముగా మాటాడు స్త్రీని స్వీకరించుట కష్టమని తోచుచున్నది.

బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ళవారి ద్వారా ఆ కావ్యమును పరిష్కరించి ప్రకటించినది. సిగ్గు, సంకోచము స్త్రీలకేనా, పురుషులకు లేవా యని ఆమె పీఠికలో నిలదీసినది. 1911లో ఆంగ్ల ప్రభుత్వము గ్రంథమును నిషేధించినది. టంగుటూరి ప్రకాశంగారి మంత్రివర్గ కాలమునగాని ఆ నిషేధము తొలగలేదు. కావ్యమున బాలురకు పాఠముగా చెప్పదగని శృంగారమున్న మాట నిజమే. అది దాచవలసిన పనిలేదు. కాని ఆ కొలబద్దను అందరకును పట్టవలెను గదా! జయదేవుని గీతగోవిందమున శృంగారము తక్కువయా? దానిని పూరీ జగన్నాథుని సన్నిధిలో పాడుచున్నారు. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ పాదము కృష్ణుని శిరస్సునకు తగిలినది, పండితులు తలలూచిరి. అదే కృష్ణుడు, అదే ప్రణయకోపము. మారినది చెప్పినవారి జన్మ మాత్రమే.

ఆ నాగరత్నమ్మయే తన ధనమును వెచ్చించి తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించినది. అచటి ఆరాధనలో స్త్రీలు పాడరాదని కట్టుబాటుండగా, స్త్రీలచే వేరుగా ఉత్సవము జరిపించినది. తరువాత ఉత్సవములు ఏకమైనవి. 1952లో ఆమె మరణించిన పిదప ఆమె సమాధి త్యాగయ్య చెంతనే వెలసినది. రాధికాసాంత్వనమునకు పీఠిక వ్రాసిన చేయి, రామభక్తునకు గుడి కట్టిన చేయి ఒక్కటే యని మరువరాదు.

పేరున్న కవయిత్రుల మాట యిది. పేరులేనివారి కవిత్వము వంటయిండ్లలో, తిరుగలి చెంత, బతుకమ్మల చుట్టును మిగిలినది. వానిలో రామాయణమునకు చెందిన కొన్నింటిని హైదరాబాదున ఆంధ్ర సారస్వత పరిషత్తువారు 1955లో 'స్త్రీల రామాయణపు పాటలు'గా ప్రకటించిరి. వానిలో ఊర్మిళాదేవి నిద్ర యొకటి. పదునాలుగేండ్లు నిద్రించిన ఊర్మిళ చెంతకు లక్ష్మణుడు వచ్చును. ఆమె అతనిని గుర్తింపదు. పరుడెవడో వచ్చినాడని తలంచి, పరస్త్రీని కోరి ఇంద్రుడేమైనాడో, రావణుడేమైనాడో చెప్పి మందలించును. వాల్మీకి ఈ ఘట్టమును చెప్పలేదు; స్త్రీలు తమలో తాము చెప్పుకొన్నారు. విన్న లక్ష్మణుడు కోపింపడు. పదునాలుగేండ్లు ఆమెను తలంపక పోయినవాడు తానే గనుక, తానెవరో ఆమెకు నమ్మకము కలుగునట్లు చెప్పుకొనవలసినవాడును తానే. ఊర్మిళ మంచము దిగక వినుచుండును.