గొలుసుకి రుచి తెలుసా?

జహనుమా అంటే లోకాన్ని చూపించేది. ఫలక్‌నుమా దగ్గరి ఆ బస్తీ పేరు వింటే నాకు సర్వే పటమే గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో ఒక్క తోట ద్రాక్షతోనే వైన్ తీసి, సీసా మీద ఆ తోట పేరే వేస్తారు. ఆ తోటల హద్దుల్ని 2015లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది. సర్వేయర్ల ఇంట పుట్టి వైన్ చేసేవాడికి ఇది నచ్చకుండా ఎలా ఉంటుంది? హద్దు అక్కడ గౌరవం.

మరి మన అనాబ్-ఎ-షాహీ? ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ ఆ తోటలే. గుంట అంటే 33 అడుగుల చదరం, 121 గజాలు. అవి 40 అయితే ఎకరం. లెక్క అంత పక్కాగా ఉండబట్టే ప్లాట్లుగా కోయడమూ తేలికైంది. కొలిచినవాడి తప్పా? కాదనే అంటాను, మనస్ఫూర్తిగా మాత్రం అనలేను. తోట పోయినా సర్వే నంబరు అలాగే ఉంది. పాత పహాణీలో పంటకీ విస్తీర్ణానికీ గడులుండేవి, పండు తీపికి ఉండేది కాదు.