డెబ్బై ఏళ్ల వాగ్దానం

డిసెంబరు 31 రాత్రి తెలుగునాట చాలా చర్చిల్లో ఆరాధన పన్నెండు దాటాక ఒక పళ్లెమో పెట్టెనో వరసల మధ్య తిరుగుతుంది. అందులో అరచేతిలో పట్టే కార్డులుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. ఎవరికి వారు ఒకటి తీసుకుంటారు, ‘ఈ ఏడాది నాకొచ్చిన వాగ్దానం’ అని చెప్పుకుంటారు. ఆ కార్డు బీరువా అద్దం మూలనో బైబిలు అట్ట లోపలో పన్నెండు నెలలు ఉండిపోతుంది. ఈ కార్డుల మీద తరచుగా కనిపించేది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోని 11వ వచనం. దేవుడు తలపెట్టింది మేలే తప్ప కీడు కాదనీ, మున్ముందు ఆశ ఉందనీ దాని సారాంశం. క్రైస్తవ పుస్తకాల మీద, స్ఫూర్తి పుస్తకాల మీద నాకున్న అభిప్రాయమంతా దానికి సరిగ్గా పైనున్న వచనం దగ్గర మొదలవుతుంది. ఆ మేలు డెబ్బై ఏళ్లకు జరుగుతుందని అక్కడ ఉంది. కార్డు మీద ఆ అంకె అచ్చు వేయరు.

అసలు సంగతి ఇది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునీ పెద్దలనీ, కమ్మరులతో సహా చేతిపనివాళ్లనీ చెరపట్టుకుపోయాడు. వాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరమే ఈ అధ్యాయం. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే మరో ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అంతా వెనక్కి వచ్చేస్తారని గుడిలో జనం ముందు ప్రకటించాడు. బబులోనుకు లొంగి ఉండాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచాడు కూడా. ఆ ప్రకటన విన్నప్పుడు యిర్మీయా కోప్పడలేదు. ఆమేన్, అలాగే జరగాలి అన్నాడు. తనకూ అదే ఇష్టం, కానీ నిజం అది కాదు. డెబ్బై ఏళ్లంటే ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్లలో తిరిగి ఊరు చూసేవాళ్లు దాదాపు ఉండరని అర్థం. ఇక్కడ మన భాష కూడా కొంత చిక్కు తెస్తుంది. ఆ వచనంలో దేవుడు మాట్లాడేది బహువచనంలో, చెరలో ఉన్న ఒక సమూహంతో. పాత తెలుగు బైబిల్లో ఒక మనిషితో మాట్లాడేటప్పుడు దేవుడు ‘నీవు’ అంటాడు, ‘మీరు’ అంటే పదిమంది అనే లెక్క. ఈ కాలం పాఠకుడికి ‘మీరు’ మర్యాద మాట. అందుకే కార్డు చేతికి రాగానే, ఒక జాతికి మూడు తరాల గడువుతో ఇచ్చిన మాట తన ఒక్కడికి, ఈ ఒక్క ఏడాదికి, కాస్త గౌరవంగా చెప్పిన మాటలా వినిపిస్తుంది.

నేను వేదాంతం చదువుకున్నవాణ్ణి కాను, తీరిక దొరికినప్పుడు చదివేవాణ్ణి. ఇలాంటి పుస్తకం ఏది చేతికొచ్చినా నాకు ఒకటే చూడబుద్ధవుతుంది. తాను చెప్పే మేలుకు ఈ పుస్తకం ఎంత గడువు పెడుతోంది, ఆ గడువులోపల నన్నేం చేయమంటోంది? 2000లో వచ్చిన బ్రూస్ విల్కిన్సన్ చిన్న పుస్తకం ‘ద ప్రేయర్ ఆఫ్ జాబెజ్’ సంగతే చూడండి. లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. యబ్బేజు పేరు మన ప్రార్థన కూటాల్లోనూ బాగానే వినిపిస్తుంది. బైబిల్లో అతనికి దక్కింది మొదటి దినవృత్తాంతముల నాలుగో అధ్యాయంలో, వంశావళి పేర్ల మధ్య, రెండే రెండు వచనాలు. తన సరిహద్దు పెంచమని అడిగాడు, దేవుడు ఇచ్చాడు, అంతే. విల్కిన్సన్ దాన్ని రోజూ చేసే ప్రార్థనగా మార్చి, ముప్పై రోజులు చేసి చూడమన్నాడు. తర్వాత తానే ఆఫ్రికా వెళ్లి, స్వాజిలాండ్‌లో అనాథ పిల్లల కోసం పెద్ద ఊరే కట్టాలని పూనుకుని, అది సాగక 2005లో విరమించుకున్నాడు. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. సుఖంగా ఇంట్లో కూర్చోకుండా అనాథల కోసం ఖండం దాటిన మనిషిని వెక్కిరించడం తేలిక, అన్యాయం కూడా. కానీ ముప్పై రోజుల పుస్తకంలో ఆఫ్రికాలో గడిచిన ఆ ఏళ్లకు చోటెక్కడుంది? అడిగిన సరిహద్దు పెరగకుండా ముడుచుకుపోయినవాడు ముప్పై ఒకటో రోజున ఏ పేజీ తిప్పాలి?

రిక్ వారెన్ ‘ద పర్పస్ డ్రివెన్ లైఫ్’ (2002) నలభై రోజులకు నలభై అధ్యాయాలుగా ఉంటుంది. అది ఇంతకంటే బరువైన పుస్తకం, కష్టాన్ని దాచదు. అయినా ఆ కొలత పాఠకుడి మనసులో ఒక తేదీ పెడుతుంది. ఈ తొందర క్రైస్తవ పుస్తకాలకే పట్టిన జబ్బేమీ కాదు లెండి. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ అట్ట మీదే మెట్లు లెక్కపెట్టి చూపిస్తుంది. కాకపోతే అది లోకంలో గెలవడం గురించిన పుస్తకం, లెక్క చెప్పడం దానికి తగినదే. దేవుడి పేరు మీద లెక్క చెప్పినప్పుడు, లెక్క తప్పితే పాఠకుడు అనుమానించేది పుస్తకాన్ని కాదు, తన విశ్వాసాన్ని. నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే.

భక్తి గ్రంథాలను తూచడానికి తీరికవేళ చదివేవాడికి ఏం అర్హత ఉందని అడగవచ్చు. ఉప్పు తక్కువైందని చెప్పడానికి వంటవాడే కానక్కర్లేదు. పైగా ఈ పుస్తకాలు పండితుల కోసం రాసినవి కావు, బస్సులో, ఆసుపత్రి వరండాలో, పడుకోబోయే ముందు చదివేవాళ్ల కోసం రాసినవి. ఆ చదివేవాళ్లు నోరు మూసుకుంటే వాటి గురించి చెప్పేవాళ్లంటూ ప్రకటనకర్తలే మిగులుతారు. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. డెబ్బై ఏళ్ల వాగ్దానం చెప్పేవాడికి ఎంత క్షేమమో చూడండి. అప్పటికి నిలదీయడానికి ఎవరూ మిగలరు. ఆ లెక్కన ముప్పై రోజులకు తేలిపోయే మాట చెప్పినవాడే ధైర్యవంతుడు కదా? ఈ వాదనను నేను తేలిగ్గా కొట్టేయలేను. దూరపు గడువు చాటున దాక్కున్న మతబోధలు లోకంలో కోకొల్లలు. అయితే యిర్మీయా ఉత్తరం ఆ డెబ్బై ఏళ్లను ఖాళీగా వదల్లేదు. ఇళ్లు కట్టుకోమంది, తోటలు నాటి వాటి పండ్లు తినమంది, పిల్లలకు పెళ్లిళ్లు చేయమంది, తమను చెరపట్టిన ఆ పట్నం బాగుండాలని ప్రార్థించమంది. ఈ రోజు నాటిన మొక్క కాపుకొచ్చిందో లేదో బతికుండగానే తెలుస్తుంది. ఇక చెప్పినవాడి క్షేమమా? అదే అధ్యాయం చివర షెమయా అనేవాడు బబులోను నుంచి యెరూషలేము యాజకుడికి ఉత్తరం రాశాడు. చెర ఇంకా చాలాకాలం ఉంటుందంటున్న ఈ మనిషి కాళ్లకు బొండ వేయించవేం అని అడిగాడు. సుఖంగా బతకాలనుకునేవాడు ఎంచుకునే మాట కాదది.

మరో మాట కూడా ఉంది, అది వాదన కంటే విన్నపం లాంటిది. నొప్పితో రాత్రి నిద్ర పట్టనివాడికి చరిత్రా వద్దు, వ్యాకరణమూ వద్దు, ఇప్పుడే, ఇక్కడే ఒక మాట కావాలి. ఒప్పుకుంటాను. ఆ మాట ఎలా ఉండాలో తెలుసుకోవడానికి తెలుగు క్రైస్తవ ఇళ్లలోనే ఒక పుస్తకం ఉంది, ‘ఎడారిలో సెలయేర్లు’. అట్టలు ఊడి, రెండు తరాలు చేతులు మారిన ప్రతులు ఇంటింటా కనిపిస్తాయి. మూలం 1925లో అచ్చయింది. కూర్చిన లెట్టీ కౌమన్, భర్త చార్లెస్‌తో కలిసి జపాన్‌లో మిషనరీగా పనిచేశారు. ఆయన ఆరోగ్యం దెబ్బతిని ఇద్దరూ స్వదేశం తిరిగొచ్చాక, ఏళ్ల తరబడి మంచం పక్కన కూర్చున్న కాలంలో చదివినవీ ఏరుకున్నవీ ఆ పేజీలు. ఆయన కోలుకోలేదు, 1924లో పోయారు. రోజుకో పేజీ చొప్పున సాగే ఈ పుస్తకం కూడా ఒక విధంగా వాగ్దాన కార్డుల దొంతరే. సాహిత్యంగా చూస్తే ఎగుడుదిగుడు, చాలాచోట్ల మాట తీపి ఎక్కువ. ప్రతి కష్టం వెనుకా ఒక పాఠం వెతికే అలవాటు నాకు నచ్చదు. అయినా రోగి లేచి నడుస్తాడని అది తేదీ చెప్పదు. జనవరి 1 చదివినవాణ్ణి డిసెంబరు 31 దాకా నడిపించి, మళ్లీ మొదటి పేజీకి తెస్తుంది, అంతే. మంచాన పడినవాళ్లు దాన్నెందుకు వదలరో నాకు ఇక్కడే అర్థమవుతుంది. ఆ పుస్తకానికి తొందర లేదు.

సమాధానం తెలిసిన పుస్తకానికీ, ఎదురుచూడడం తెలిసిన పుస్తకానికీ తేడా చూడాలంటే ఒకే మనిషి రాసిన రెండు పుస్తకాలు దొరికాయి మనకు. సి.ఎస్. లూయిస్ 1940లో ‘ద ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్’ రాశాడు. మంచివాడైన దేవుడి లోకంలో నొప్పి ఎందుకున్నదో మెట్టు మీద మెట్టుగా వాదించాడు. చక్కని తర్కం, మెచ్చుకుంటూనే చదువుతాం. 1960లో ఆయన భార్య జాయ్ డేవిడ్‌మన్ క్యాన్సర్‌తో చనిపోయింది. మరుసటి ఏడాది ఎన్.డబ్ల్యూ. క్లర్క్ అనే మారుపేరుతో ‘ఎ గ్రీఫ్ అబ్జర్వ్డ్’ వచ్చింది. లూయిస్ బతికున్నంతకాలం దాని మీద ఆయన పేరు పడలేదు. మొదటి పుస్తకంలో తానే ఇచ్చిన జవాబులు ఈ రెండోదానిలో ఆయనకు అక్కరకు రావు. దేవుడు తలుపు వేసుకున్నాడా అని అడుగుతాడు, పరామర్శకు వచ్చినవాళ్లు ఏం మాట్లాడాలో తెలియక ఇబ్బందిపడడం గమనిస్తాడు, నిన్న రాసినదాన్ని ఇవాళ కాదంటాడు. మొదటిది అబద్ధమని నేననడం లేదు. రెండోదానిలో చీకటి ఉంది కాబట్టే అది గొప్పదనీ అనను. ఈమధ్య సందేహాన్ని కూడా అలంకారంగా తొడుక్కునే పుస్తకాలు వస్తున్నాయి, అవీ అంతే తొందరపాటువి. లూయిస్ పుస్తకం చివరికొచ్చేసరికి మెత్తబడుతుంది. కానీ ఎందుకు మెత్తబడిందో ఆయన సూత్రం కట్టడు, అలా జరిగిందని మాత్రం రాసుకుంటాడు.

ఆ పుస్తకానికి ఉన్న గడువు కూడా చిత్రమైనదే. ఇంట్లో వెతికితే దొరికిన ఖాళీ నోటుపుస్తకాల్లో ఆయన అది రాస్తూ పోయాడు. నాలుగోది మొదలుపెడుతూ, రాయడం దీనితో ఆపేస్తాను, ఇందుకోసం కొత్తవి కొనను అనుకున్నాడు. ఆ హద్దు ఆయన రాతకే పెట్టుకున్నాడు, దుఃఖానికి కాదు.