అర్థం చెప్పే హక్కు ఎవరిది?

కొండవాలున తుప్పలు నరికి, కాల్చి, సామ, జొన్న, కంది చల్లుకుంటే గూడెం దాన్ని పోడు అంటుంది. అదే నేలను అటవీశాఖ కాగితం 'ఆక్రమణ' అంటుంది. నేల ఒక్కటే, చెమట ఒక్కటే, అర్థాలు మాత్రం రెండు. వీటిలో ఏది చెల్లుతుంది? ఎందుకు చెల్లుతుంది?

ఇలాంటి ప్రశ్నలను పట్టించుకునే తత్వశాస్త్ర శాఖ పేరు హెర్మెన్యూటిక్స్. తెలుగులో వ్యాఖ్యాన తత్వశాస్త్రం అనుకోవచ్చు. మొదట్లో ఇది మతగ్రంథాలకు, చట్టాలకు అర్థం చెప్పే విద్య. జర్మన్ తత్వవేత్త గాడమర్ 1960లో 'సత్యం, పద్ధతి' అనే గ్రంథం రాసి, అర్థం చేసుకోవడమే మనిషి బతుకు తీరు అన్నారు. ఖాళీ మనసుతో ఎవరూ దేన్నీ చూడరు. పెద్దల నుంచి వచ్చిన భాష, ఆచారం, ముందస్తు అభిప్రాయాలు మన చూపులోనే ఉంటాయి. ఎదుటివారి మాట నా అభిప్రాయాన్ని మార్చవచ్చు అని ఒప్పుకుని విన్నప్పుడే నిజమైన అవగాహన పుడుతుంది.

సమాజాన్ని విమర్శించేవారికి ఇది పెద్ద పాఠం. మనుషులు రాళ్లు కారు. తమ బతుకుకు తామే అప్పటికే ఒక అర్థం చెప్పుకుని ఉంటారు. ఆ అర్థాన్ని వినకుండా బయటినుంచి 'వెనుకబాటు' అని కొలిచేది శాస్త్రం కాదు, పెత్తనం.

విమర్శనాత్మక సామాజిక సిద్ధాంతానికి చెందిన హాబెర్మాస్ 1967లో ఈ పాఠాన్ని స్వీకరిస్తూనే ఒక అభ్యంతరం చెప్పారు. భాష అర్థాన్నే కాదు, అధికారాన్నీ మోస్తుంది. బలవంతం మీద కుదిరిన ఒప్పందం కూడా పైకి సంప్రదాయంలాగే కనిపిస్తుంది. కాబట్టి వినడం ఒక్కటే చాలదు, నిలదీయాలి. దానికి గాడమర్ జవాబు: నిలదీసేవాడు కూడా ఏదో ఒక సంప్రదాయంలోనే నిలబడి ఉంటాడు, భాషకు బయట ఎవరూ లేరు.

మనకు ఈ ఇద్దరూ కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. 'ఆక్రమణదారు' అన్న మాట పక్కన 'హక్కుదారు' అన్న మాట వచ్చి నిలిచింది. హక్కు నిర్ణయం గ్రామసభలో మొదలవుతుంది. ఊరి పెద్దల వాంగ్మూలం రాసుకుంటే అదీ సాక్ష్యమే. అంటే గూడెం చెప్పే అర్థం వినడం చట్టం ప్రకారం తప్పనిసరి. అయినా ఆ వాంగ్మూలాన్ని చివరికి బరువు తూచేది ఆఫీసు బల్ల మీదే. హాబెర్మాస్ ప్రశ్న అక్కడ పనికొస్తుంది.

అదే ప్రశ్న మన ఇంట్లోకీ రావాలి. పెళ్లయినవారి పట్టా భార్యాభర్తలిద్దరి పేరున ఇవ్వాలని ఆ చట్టమే చెబుతుంది. 'భూమి మగవాడిదే, అది మన ఆచారం' అని ఎవరైనా అంటే, ఆ ఆచారానికి అర్థం చెప్పింది ఎవరు, ఆ రోజు ఆడవాళ్లను అడిగారా అని అడగాలి. అలా అడిగినంత మాత్రాన జాతికి ద్రోహం చేసినట్టు కాదు.

ఉపాధ్యాయులు తరగతిలో పోడు, ఆక్రమణ అనే రెండు మాటలూ పక్కపక్కన రాయండి. ఏ మాట ఎవరిది, దాని వల్ల ఎవరికి లాభం, ఎవరి గొంతు వినబడలేదు అని పిల్లల్నే అడగండి. పాఠం వాళ్లే చెబుతారు.